మేరీ జేన్ కెల్లీ తల్లిదండ్రులెవరో తేలిపోయిందనడం తగదు

సంపాదకులకు నమస్కారం.

1888లో లండన్ తూర్పు ప్రాంతాన్ని వణికించిన ‘జాక్ ద రిప్పర్’ హత్యల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. హంతకుడెవరన్న ఊహలకే వ్యాసంలో ముప్పాతిక భాగం పోగా, ఆ వరుసలో ఐదో బాధితురాలిగా లెక్కించే మేరీ జేన్ కెల్లీకి మూడు వాక్యాలు దక్కాయి. ఐర్లండ్‌లోని లిమరిక్‌లో పుట్టిందని, తండ్రి జాన్ కెల్లీ వేల్స్‌లో ఒక ఇనుప కర్మాగారంలో మేస్త్రీ అని, పదహారో ఏట పెళ్లయిందని వ్యాసకర్త రాశారు. ఈ మూడూ రుజువైన విషయాల్లాగే అచ్చయ్యాయి. వీటిలో ఏ ఒక్కదానికీ, ఇది ఫలానా ఆమెదేనని అందరూ ఒప్పుకోదగిన రిజిస్టరు నమోదు ఈనాటికీ లేదు. ఆ సంగతి పాఠకులకు తెలియాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నవంబరు 9 ఉదయం స్పిటల్‌ఫీల్డ్స్‌లోని డోర్సెట్ వీధి పక్కన, మిల్లర్స్ కోర్టు 13వ నంబరు గదిలో ఆమె శవం కనబడింది. వయసు దాదాపు పాతికేళ్లు. మూడు రోజుల తర్వాత షోర్‌డిచ్ టౌన్‌హాల్లో కరోనర్ (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి) మెక్‌డొనాల్డ్ జరిపిన విచారణలో ఆమె పుట్టుపూర్వోత్తరాలు వివరంగా చెప్పినవాడు జోసెఫ్ బార్నెట్ ఒక్కడే. అతను బిల్లింగ్స్‌గేట్ చేపల బజారులో కూలీగా పనిచేసినవాడు, 1887 ఏప్రిల్ నుంచి 1888 అక్టోబరు 30 దాకా ఆమెతో కాపురం చేసినవాడు. లిమరిక్‌లో పుట్టానని, చిన్నప్పుడే కుటుంబం వేల్స్‌కు తరలిపోయిందని, ఆరేడుగురు అన్నదమ్ములున్నారని, వారిలో హెన్రీ అనే అతను స్కాట్స్ గార్డ్స్ రెండో బెటాలియన్‌లో సైనికుడని, తాను పెళ్లాడిన డేవిస్ లేదా డేవీస్ అనే బొగ్గుగని కార్మికుడు పేలుడులో చనిపోయాడని, ఆ తర్వాత కార్డిఫ్‌లో కొంతకాలం ఉండి 1884 ప్రాంతంలో లండన్ చేరానని ఆమె అతనికి చెప్పుకుంది. అతను దాన్ని విన్నది విన్నట్టు కరోనర్ ముందు చెప్పాడు. విచారణ ఆ ఒక్క రోజుతోనే ముగిసిపోయింది. నవంబరు 19న లేటన్‌స్టోన్‌లోని సెయింట్ పాట్రిక్ కేథలిక్ శ్మశానంలో ఆమెను ఖననం చేసినప్పుడు నావాళ్లని చెప్పుకునేవారు ఒక్కరూ రాలేదు. ఆ ఖర్చు భరించింది షోర్‌డిచ్ చర్చి ఉద్యోగి ఒకాయన.

రెవెన్యూ శాఖలో చాలాకాలం విరాసత్ కేసులు చూసిన అనుభవం నాకుంది. పట్టాదారు చనిపోయినప్పుడు వారసులమంటూ వచ్చినవారి గురించి ఇరుగుపొరుగు ఇచ్చే వాంగ్మూలాన్ని మేం తప్పకుండా రాసుకునేవాళ్లం. కానీ “ఆయనే నాతో అలా అన్నాడు” అనే మాట ఒక్కదాని మీద వంశవృక్షం గీసి సంతకం పెట్టిన అధికారిని నేను చూడలేదు. బార్నెట్ వాంగ్మూలానికీ అంతకు మించిన విలువ ఇవ్వలేం. అతను అబద్ధమాడాడని నేననడం లేదు. అతని మాటల్లోని తడబాటే అతని నిజాయితీకి సాక్ష్యమని నా అభిప్రాయం. తెలియని చోట తెలియనట్టే చెప్పాడు. తండ్రి ఉన్నది కార్నార్వన్‌షైర్‌లోనో కార్మార్థెన్‌షైర్‌లోనో తేల్చి చెప్పలేకపోయాడు. ఒకటి వేల్స్‌కు వాయవ్య కొస, పలకరాయి గనులకు పేరుపడిన సీమ. రెండోది నైరుతి దిక్కున ఉన్న బొగ్గు, తగరపు రేకుల పరిశ్రమల ప్రాంతం. ఇనుప పని చేసే మేస్త్రీకి రెండోదే తగినట్టు నాకూ అనిపిస్తుంది. అయినా అది సంభావ్యతే. మీ వ్యాసంలో మాత్రం ఈ సందిగ్ధం కూడా మాయమై ‘కార్మార్థెన్’ అన్న ఒక్క పేరే మిగిలింది.

ఇతరుల మాటలు దీనితో పూర్తిగా పొసగవు. ఆ గది యజమాని జాన్ మెక్‌కార్తీ, ఆమె తల్లి ఐర్లండ్‌లోనే ఉందని, అక్కడి నుంచి అప్పుడప్పుడు ఉత్తరాలు వచ్చేవని చెప్పాడు. ఆమెను అంతకుముందు ఎరిగిన ఒక మహిళ, ఆమె తనను వేల్స్ మనిషిగా చెప్పుకుందని, ఆమెను వదిలేసిన తల్లిదండ్రులు కార్డిఫ్‌లో ఉంటున్నారని పత్రికలవారికి తెలిపింది. ఒకే మనిషి గురించి ముగ్గురికి మూడు విధాలుగా తెలిసిందంటే, ఆమె ఎవరికి ఎంత చెప్పాలనుకుందో అంతే చెప్పిందని అనుకోవలసి ఉంటుంది.

ఇక కాగితాల సంగతి. ఐర్లండ్‌లో కేథలిక్కులతో సహా అందరి జననాల ప్రభుత్వ నమోదు 1864 జనవరి 1న మొదలైంది. పాతికేళ్ల వయసు నిజమైతే ఆమె 1863 ప్రాంతంలో, అంటే ఆ చట్టం అమల్లోకి రావడానికి కొద్ది ముందు పుట్టి ఉండాలి. అప్పుడు మిగిలే ఆధారం చర్చిలోని బాప్తిస్మపు రిజిస్టరే. ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం 2015లో ఈ కేథలిక్ రిజిస్టర్ల ప్రతులను అందరూ ఉచితంగా చూసుకునేలా పెట్టింది కనుక హైదరాబాదులో కూర్చుని కూడా లిమరిక్ పేజీలు తిప్పవచ్చు. అయితే ఆ దేశంలో కెల్లీ అన్నది అత్యంత సాధారణమైన ఇంటిపేర్లలో ఒకటి. మేరీ, జాన్ అనే పేర్ల సంగతి చెప్పనక్కర్లేదు. తండ్రి జాన్, కూతురు మేరీ అని కనబడగానే ఆగిపోతే ఎందరో మేరీలు దొరుకుతారు. ఐర్లండ్ జనాభా లెక్కల అసలు పత్రాల్లో 1861, 1871 నాటివి ప్రభుత్వమే నాశనం చేయించింది, 1881, 1891 నాటివి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితపు గుజ్జుగా మారిపోయాయి. వేల్స్ లెక్కలు భద్రంగానే ఉన్నాయి. కాకపోతే అక్కడికి వలస వచ్చినవారి జన్మస్థలం గడిలో చాలాచోట్ల ‘ఐర్లండ్’ అని మాత్రమే రాశారు.

నా దృష్టిలో అన్నిటికంటే ఆశ పెట్టుకోదగినది వేల్స్ వివాహ నమోదు. ఆ ధ్రువపత్రంలో వధూవరుల తండ్రుల పేర్లు, వారి వృత్తులు కూడా ఉంటాయి. 1879 ప్రాంతంలో డేవిస్ లేదా డేవీస్ అనే గని కార్మికుడికి, ఇనుప కర్మాగారపు మేస్త్రీ జాన్ కెల్లీ కూతురికి జరిగిన పెళ్లి నమోదు దొరికి, ఆ భర్త తర్వాతి ఏళ్లలో పేలుడులో మరణించినట్టు తేలితే, బార్నెట్ మాట మొదటిసారి కాగితం మీద నిలబడుతుంది. దక్షిణ వేల్స్‌లో 1880లోనే రిస్కా గనిలో 120 మంది, పెనిగ్రైగ్‌లో 101 మంది పేలుళ్లకు బలయ్యారు. ఒకరిద్దరు పోయిన చిన్న ప్రమాదాలకు లెక్కలేదు. డేవీస్ అనే పేరు అక్కడ ప్రతి వీధిలోనూ వినబడేదే కనుక ఆ జాబితాల్లో డేవీస్ కనబడినంత మాత్రాన సరిపోదు. భార్య పేరు కలవాలి, ఆ భార్య 1888 తర్వాత ఏ రికార్డులోనూ బతికి ఉండకూడదు. ‘అసలు మేరీ దొరికింది’ అని ప్రకటించేవారు మొదట చూపవలసింది ఈ చివరి రుజువే.

ఆమె చెప్పినదంతా కట్టుకథ అని కూడా తేలిగ్గా అనకూడదు. ఇదే వరుసలో చనిపోయిన ఎలిజబెత్ స్ట్రైడ్, తన భర్తా పిల్లలూ 1878లో థేమ్స్ నదిలో ప్రిన్సెస్ ఆలిస్ ఓడ మునిగినప్పుడు పోయారని చెప్పుకునేది. ఆ భర్త చనిపోయింది 1884లోనని రికార్డు ఉంది. అయినా ఆమె స్వీడన్‌వాసినన్న మాట నిజమే. గోథెన్‌బర్గ్ సమీపంలోని టోర్స్‌లాండాలో 1843లో పుట్టినట్టు అక్కడి చర్చి పుస్తకాలే చెబుతున్నాయి. జీవితంలో ఒక భాగాన్ని మార్చి చెప్పిన మనిషి మరో భాగాన్ని ఉన్నదున్నట్టు చెప్పి ఉండవచ్చు. మేరీ జేన్ విషయంలో ఏ భాగం ఏదో విడదీసి చూపే పుస్తకం ఇంకా దొరకలేదు.

నాకు అన్నిటికంటే అనుమానం కలిగించేది పేరు. ఆ హత్య వార్త దేశదేశాల పత్రికల్లో వచ్చింది. తండ్రి, ఆరేడుగురు అన్నదమ్ములు, సైన్యంలో ఒక సోదరుడు ఉన్న ఇంటినుంచి ఒక్కరూ ముందుకు రాలేదు. కూతురు బతికిన బతుకుకు సిగ్గుపడి ఊరుకున్నారా, లేక అచ్చయిన పేరు తమ ఇంటి పేరే కాకపోవడం వల్ల వారికి తెలియనే లేదా? రెండో దానికే నేను మొగ్గుతాను. కానీ మెక్‌కార్తీ చెప్పినట్టు తల్లి నుంచి ఉత్తరాలు వచ్చిన మాట నిజమైతే, ఆ తల్లికి కూతురి చిరునామా, అక్కడ ఆమెకున్న పేరు తెలిసే ఉండాలి. అప్పుడు నా వాదన బలహీనపడుతుంది. ఈ రెండింటినీ ఒకేసారి సమాధానపరిచే వివరణ నేనింతవరకు చదవలేదు. మరణ ధ్రువపత్రంలో మాత్రం ‘మేరీ జెనెట్ కెల్లీ, మరో పేరు డేవీస్’ అని ఉంది. ఫ్రాన్స్ వెళ్లివచ్చానని చెప్పుకున్న ఆమె తనకు తాను పెట్టుకున్నట్టు తోచే ఫ్రెంచి తరహా పేరే ఆమె చివరి ప్రభుత్వ పత్రానికి ఎక్కింది.

డీఎన్ఏ పరీక్షతో అంతా తేలిపోతుందని ఈమధ్య తెలుగు వీడియో ఛానళ్లలో వింటున్నాం. లెస్టర్‌లో 2012లో తవ్వితీసిన ఎముకలు ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్‌వేనని చెప్పగలిగారంటే, ఆయన సోదరి సంతతి తల్లుల వరుసలో ఈనాటి దాకా రాతపూర్వకంగా తెలిసి ఉండబట్టే. మేరీ జేన్ విషయంలో పోల్చడానికి రుజువైన బంధువూ లేరు, కచ్చితమైన సమాధి స్థలమూ లేదు. అదే లెస్టర్ విశ్వవిద్యాలయ నిపుణులు 2017లో పరిశీలించి, ఆ అవశేషాలు దొరికే అవకాశం చాలా తక్కువని చెప్పారు. శ్మశానంలో ఇప్పుడున్న స్మారక ఫలకం ఉజ్జాయింపుగా పెట్టినదే.

కనుక నా విన్నపం ఇది. వచ్చే అనుబంధంలో చిన్న సవరణ వేయండి. లిమరిక్, జాన్ కెల్లీ, వివాహం అనే మూడు విషయాలూ ఆమె బార్నెట్‌తో చెప్పినట్టుగా బార్నెట్ కరోనర్ ముందు చెప్పినవని, వాటిని నిర్ధారించే జనన లేదా వివాహ నమోదు ఆమెదిగా ఇంకా రుజువు కాలేదని రాయండి. హంతకుడి విషయంలో ‘అనుమానితుడు’ అన్న మాటను మీ వ్యాసకర్త ఎక్కడా మరచిపోలేదు. ఆమె తల్లిదండ్రుల విషయంలోనూ అంత జాగ్రత్త అవసరం.

భవదీయ,
విశ్రాంత రెవెన్యూ ఉద్యోగిని,
తార్నాక, హైదరాబాద్