పొదుపు సంఘాల తొలి పుస్తకాలను తూకానికి వేయకండి

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో డ్వాక్రా సంఘాల లెక్కలు సెల్‌ఫోన్లలోకీ, ట్యాబుల్లోకీ మారిపోయాక, తొలినాళ్ల తీర్మానాల పుస్తకాలు, పొదుపు లెడ్జర్లు, సభ్యుల పాసుపుస్తకాలు అడిగే దిక్కులేక పాత కాగితాల వాళ్ల తక్కెడలోకి చేరుతున్నాయి. లెక్క సులువైనందుకు నాకూ సంతోషమే. కానీ మా ప్రాంతపు ఆడవాళ్లు తమ చేతులతో తామే రాసుకున్న చరిత్ర అంటూ ఏదైనా ఉంటే అది ఆ పుస్తకాల్లోనే ఉంది కనుక, వాటిని కాపాడమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఈ సంఘాలను ఎవరో అధికారులు పెట్టి ఇచ్చారని ఇప్పటి పిల్లలు అనుకుంటున్నారు. డ్వాక్రా 1982లో కేంద్ర పథకంగా మొదలైన మాట నిజమే. అయితే నెల్లూరు జిల్లాలో పొదుపు ఊరూరా పాకడానికి దారి వేసినవి రాత్రి బడులు, వాటి వెన్నంటి వచ్చిన సారా పోరాటం. 1991 జనవరిలో మొదలైన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో, పగలంతా కూలికి వెళ్లి వచ్చి లాంతరు ముందు పలక పట్టిన తల్లులు, వాచకంలో సారా తెచ్చే కష్టాన్ని చెప్పే సీతమ్మ కథలో తమ ఇంటి కష్టాన్నే చూసుకున్నారు. దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా కొట్టు మూయించడం, ఆ కబురు పల్లె నుంచి పల్లెకు పాకడం, 1992లో సారా కొట్ల వేలం పాటలను మహిళలు అడ్డుకోవడం, 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలు కావడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. కొట్టుకు పోకుండా మిగిలిన డబ్బును ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబుగానే, రోజుకు రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు వెలిశాయి. ఆ తరువాత 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద మండల సమాఖ్యలు రిజిస్టరై, సర్కారు వాటాధనం లేకుండా సభ్యుల సొమ్ముతోనే నడిచే సహకార సంఘాలుగా నిలబడ్డాయి. కనుక మా జిల్లా వరకు పోరాటం ముందు వచ్చింది, పథకం తరువాత వచ్చి చేరింది. ఇది తిరగబడకూడదు.

ఈమధ్య కావలి దగ్గర ఒక పల్లెలో అలాంటి తీర్మానాల పుస్తకం ఒకటి చూశాను. అట్ట ఊడిపోయింది, చివరి పుటలను చెదలు తిన్నాయి. మొదటి పుటల నిండా నీలి వేలిముద్రలు, పక్కన బడిపిల్లవాడి దస్తూరిలో పేర్లు ఉన్నాయి. కొన్ని పుటలు తిప్పేసరికి అవే పేర్లు వంకరటింకరగా, ఒత్తులు తప్పుతూ, గీత దాటి కిందికి జారుతూ, ఎవరికి వారు చేసిన సంతకాలుగా కనిపించాయి. బర్రె కొనడానికి, కూతురి కాన్పుకు, నాట్ల కూలికి, బడి ఫీజుకు ఇచ్చిన అప్పులన్నీ కారణాలతో సహా రాసి ఉన్నాయి. ఒకచోట, ఎవరి అప్పు వారి చేతికే ఇవ్వాలనీ, ఇంటాయన వచ్చి అడిగినా ఇవ్వకూడదనీ తీర్మానం ఉంది. దాని కింద సంతకం చేయని సభ్యురాలు లేదు.

ఆ తీర్మానం చదివినప్పుడు నాకు ఇంగ్లండులోని మహిళా సహకార గిల్డు గుర్తుకు వచ్చింది. 1883లో కార్మిక కుటుంబాల గృహిణులు, సహకార దుకాణాల సభ్యులు కలిసి కట్టుకున్న సంఘం అది. బీమా చట్టం కింద వచ్చే ప్రసూతి సాయం తల్లికే చెందాలని పట్టుబట్టి, 1913లో చట్టాన్ని సవరింపజేసుకున్నారు. 1915లో కాన్పుల కష్టాల గురించి సభ్యులు రాసిన ఉత్తరాలను పుస్తకంగా అచ్చు వేశారు. 2016లో ఆ గిల్డు మూతపడినా, దాని కాగితాలు భద్రంగా ఉన్నందువల్ల ఆ స్త్రీలు ఏమి కోరారో, ఎలా సాధించారో చదువుకోవడానికి వీలవుతోంది. ఏ పరిచయమూ లేకుండా అదే న్యాయాన్ని తమ బుద్ధితో తామే కనుక్కున్న మా పల్లెల తల్లుల రాతలకు ఆపాటి భద్రత కూడా లేకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తోంది.

జిల్లా మహిళా సమాఖ్యలు, జిల్లా గ్రంథాలయ సంస్థలు పూనుకుంటే ఇది పెద్ద ఖర్చయ్యే పని కాదు. ప్రతి మండల సమాఖ్య భవనంలో ఒక ఇనుప బీరువా కేటాయించి, 2000కు ముందరి పుస్తకాలను ఊరి పేరు, సంఘం పేరు రాసి అందులో ఉంచవచ్చు. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం విద్యార్థులను పంపి వాటిని స్కాన్ చేయించవచ్చు. అప్పుల వివరాలు ఇంటి గుట్టుకు సంబంధించినవి కనుక సభ్యుల అనుమతి లేకుండా ఒక్క పుట కూడా బయటికి రాకూడదు. ఆనాటి సభ్యుల్లో చాలామందికి ఇప్పుడు వయసు మీదపడింది. వారి మాటలను కూడా వెంటనే రికార్డు చేయాలి. ఈ ఏర్పాట్లు జరిగేలోగా, సంఘాల పాత పుస్తకాలను ఎవరూ అమ్మకూడదని, పారవేయకూడదని గ్రామ సంఘాలన్నిటికీ ఉత్తర్వు పంపవలసిందిగా రెండు జిల్లాల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కావలి, నెల్లూరు జిల్లా.