మన పరుగు సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది పాదాలు, బూట్లు, దెబ్బలు

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలి కాబట్టి రాస్తున్నా, దాంతోపాటు మనవాళ్ళు కొందరు ఈ ఏడాది పడ్డ కష్టం అందరికీ తెలియాలని కూడా. ఆదివారం పరుగులు ఆగలేదు, కొత్తవాళ్ళ బ్యాచ్ రెండుసార్లు నడిచింది, అవి మీకు తెలిసినవే.

ఏడాది మొదట్లో ఎక్కడ నలుగురు కలిసినా ఒకటే మాట, పరిగెత్తేటప్పుడు నేలకి ముందుగా మడమ ఆనిస్తే మోకాళ్ళు పోతాయి, ముందుపాదం మీదే పరిగెత్తాలి అని. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అబెబె బికిలా బూట్లు లేకుండానే మారథాన్ గెలిచాడు కదా అని ఒకరు, 1964 టోక్యోలో ఆయనే బూట్లేసుకుని మళ్ళీ గెలిచాడు కదా అని ఇంకొకరు. అది మాటల దగ్గరే ఆగితే బాగుండేది. మన సభ్యుడొకరు ఉన్నట్టుండి పల్చటి సోల్ బూట్లు కొనుక్కుని, రోజూ పరిగెత్తే దూరమంతా మొదటి వారం నుంచే వాటితో లాగించేశారు, ఆరో వారానికి పాదం ఎముకలో సన్నటి పగులు. తర్వాత చేతికర్రతో గ్రౌండ్‌కి వచ్చి గట్టు మీద కూర్చుని మిగతావాళ్ళ టైమింగ్స్ రాసిపెట్టేవారు. ఆయన్ని అలా చూశాకే పాదాల శిబిరం పెట్టాలని కమిటీ తీర్మానం చేసింది.

ఈ శిబిరం గురించి చెప్పుకోవడానికి నాకు నిజంగా గర్వంగా ఉంది. నేల మీద ఇటుక పెట్టి, దానికి ఫోన్ ఆనించి, స్లో మోషన్‌లో ఒక్కొక్కరిని మూడేసి సార్లు పరిగెత్తించి తీశాం, పాత బూట్లు కూడా తెమ్మన్నాం. వరసగా బోర్లా పెడితే చాలా జతలకి మడమ బయటి అంచు దగ్గరే రబ్బరు అరిగిపోయి ఉంది. నేను ముందుపాదం మీదే పరిగెడతానని గట్టిగా చెప్పినవాళ్ళు కూడా వీడియోలో మడమే ముందు ఆనించడం చూసి ఆశ్చర్యపోయారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏం లేదు, 2007లో అచ్చయిన ఒక జపాన్ అధ్యయనంలో హాఫ్ మారథాన్ 15వ కిలోమీటర్ దగ్గర వీడియో తీస్తే పేరున్న రన్నర్లలోనే సుమారు 75 శాతం మంది మడమ ఆనించేవాళ్ళే.

ఫిజియో గారు మూడు గంటలు నిలబడే ఓపిగ్గా చెప్పారు. మడమ ముందు ఆనితే మోకాలి మీద భారం ఎక్కువ, ముందుపాదం ఆనితే అదే భారం పిక్క మీదకి, మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ మీదకి పోతుంది, అంతేగానీ ఎక్కడికీ మాయమవదు అన్నారు. 2012లో అమెరికాలోని హార్వర్డ్ కాలేజీ పరుగు టీమ్ మీద వచ్చిన అధ్యయనంలో మడమ ఆనించేవాళ్ళకి పదేపదే ఒత్తిడి వల్ల వచ్చే గాయాలు దాదాపు రెండింతలు కనిపించిన మాట నిజమే, కానీ అలవాటు మార్చుకుంటే గాయాలు తగ్గుతాయని అందులో ఎవరూ తేల్చలేదు. 2013లో ఇంకో అధ్యయనంలో 10 వారాల పాటు పల్చటి బూట్లకి మెల్లగా మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు పెరిగినట్టు ఎమ్మారైలో కనబడింది. మెల్లగా మారినవాళ్ళకే అలా అయితే, ఎముక పగిలిన మన సభ్యుడు ఒక్క వారంలో మారారు.

మోకాలి నొప్పితో బాధపడే ఒక అక్కకి వీడియోలో పాదం మోకాలి కంటే బాగా ముందుకెళ్ళి పడుతోంది. పాదం ఆనించే తీరు జోలికి పోకుండా, నిమిషానికి 160 అడుగులున్నదాన్ని టిక్ టిక్ మని లయ చెప్పే మెట్రోనోమ్ పెట్టి ఫిజియో గారు 168 చేయించారు, అంటే 5 శాతమే. రెండో వీడియోలో పాదం దాదాపు మోకాలి కిందే పడింది. ఇప్పుడు మెట్లు దిగుతుంటే నొప్పి లేదని చెప్పింది అక్క, నాకైతే ఈ ఏడాదికి అది చాలు.

బూట్ల దగ్గర కూడా ఒక మాట. పాదం లోపలికి ఒరుగుతోంది, దానికి ప్రత్యేకమైన బూట్లు కావాలి అని షాపుల్లో భయపెడతారు. డెన్మార్క్‌లో 927 మంది కొత్త రన్నర్లకి మామూలు బూట్లే ఇచ్చి ఏడాది చూస్తే, అలా ఒరిగే పాదాలవాళ్ళకి గాయాలేం ఎక్కువ రాలేదు, 2014లో అచ్చయింది. వేసుకుని నాలుగు అడుగులు పరిగెత్తినప్పుడు ఏది హాయిగా ఉంటే అది తీసుకోండి, వీలైతే రెండు జతలు మార్చి మార్చి వాడండి, కొత్త జత వచ్చిన వారమే దూరం పెంచకండి.

జమాఖర్చుల పత్రం కోశాధికారి గారు విడిగా పంచుతారు, ఆడిట్ అయిపోయింది, మిగులు కొద్దిగానే ఉంది.

ఇక మనసులో మాట. శిబిరానికి పేర్లిచ్చిన వాలంటీర్లలో సగం మంది రాలేదు, ఫోన్ కూడా చెయ్యలేదు, వీడియో తియ్యాల్సినవాళ్ళు లేక ఉపాధ్యక్షురాలు గారు నడుము నొప్పితోనే నేల మీద కూర్చుని తీశారు, ఆవిడకి చేతులెత్తి దణ్ణం. ట్రాక్ మీద గుంతలు పూడ్చమని అధికారులకి మూడుసార్లు అర్జీ పెట్టాం, జవాబు లేదు, అదే గుంతలో ఇద్దరికి చీలమండ బెణికింది. దెబ్బల రిజిస్టర్‌లో ఎవరూ రాయట్లేదు, రాయకపోతే ఏ బూటుతో, ఎంత దూరానికి, ఎక్కడ నొప్పి వచ్చిందో మనకెలా తెలుస్తుంది?

ఫిజియో గారికి, గ్రౌండ్ కాపలా తాతకి, నీళ్ళ క్యాన్లు మోసిన కుర్రాళ్ళకి, కర్రతో వచ్చి టైమింగ్స్ రాసిన ఆ సభ్యుడికి సంఘం తరఫున కృతజ్ఞతలు. ఆయన పోయిన నెల నుంచి మళ్ళీ మెల్లగా జాగింగ్ మొదలుపెట్టారు. వచ్చే శిబిరానికి నలుగురు కావాలి, పేర్లు ఈ సమావేశంలోనే ఇవ్వండి, ఇచ్చినవాళ్ళు దయచేసి రండి.