ఆల్బమ్‌లు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

మాఘమాసం పెళ్లిళ్ల ఆల్బమ్‌లు ఉగాదికల్లా ఇస్తానన్నాను, ఇవ్వలేకపోయాను. హన్మకొండలో షాపు పెట్టినప్పటి నుంచి నన్ను నమ్మి వస్తున్నవాళ్లు మీరు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ముహూర్తాలు వరుసగా పడటంతో ఈసారి ఏడు ఆల్బమ్‌ల డిజైనింగ్ బయట ఒకతనికి ఇచ్చాను. ఫైళ్లు వచ్చాక పెళ్లికి ముందు పసుపు పెట్టే మైలపోలు ఫొటో ఒకటి పెద్దది చేసి చూశాను. పెళ్లికూతురి చెంపల మీద పసుపు పాలిపోయింది. పక్కనే ఉన్న నానమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు మాయం. ఖిలా వరంగల్‌లో తీసిన ఫొటోల్లో తోరణం మీది చెక్కడాలు కూడా అరిగిపోయినట్టున్నాయి. తెల్లగా, నున్నగా కనబడాలని అన్నిటికీ ఒకే ఎఫెక్ట్ కొట్టేశాడు.

లేయర్లు ఉంటే అదీ సరిచేసుకోవచ్చు. ఫొటోషాప్‌లో అసలు ఫొటో కింద ఉంటుంది, ఎఫెక్ట్‌ను దాని మీద వేరే లేయర్‌గా పెట్టుకుంటాం. ఎక్కువైతే ఒపాసిటీ, అంటే ఆ లేయర్ గాఢత తగ్గిస్తాం. ఒకచోట వద్దనుకుంటే మాస్క్ పెట్టి నల్ల బ్రష్‌తో రుద్దితే అక్కడ మటుకు కింది ఫొటో బయటపడుతుంది. ఇతను అన్నీ ఫ్లాటెన్ చేసి, అంటే లేయర్లన్నీ ఒకటిగా కలిపేసి, జేపీఈజీలు పంపాడు. వాటిలో లేయర్లు ఉండవు. లేయర్లతో ఉండే ఫొటోషాప్ ఫైళ్లు, పీఎస్‌డీలు అడిగితే దాచలేదన్నాడు. "ఇప్పుడందరూ ఇట్లనే అడుగుతున్నరన్నా, ప్రింట్‌కు పంపెయ్" అన్నాడు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. పంపేస్తే మీకిచ్చిన మాట నిలబడుతుంది. ఎవరూ గమనించకపోవచ్చు కూడా. కానీ ఆ చెయ్యి కళ్ల ముందు నుంచి పోలేదు. పచ్చబొట్టు పడాలనే దగ్గరికి వెళ్లి ఆ ఫొటో తీసింది నేనే. చివరికి ఏడు ఆల్బమ్‌లూ పక్కన పెట్టేశాను. కెమెరాలో పడ్డ అసలు రా ఫైళ్లతో మొదటి నుంచి నేనే చేస్తున్నాను. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 10,800 పిక్సెళ్ల వెడల్పు. లేయర్లు పెరిగేకొద్దీ కంప్యూటర్ మొరాయిస్తోంది, అయినా ఒక్క లేయర్ కూడా కలపను.

ఇంకో మూడు వారాలు పడుతుంది. మిగతా డబ్బు ఆల్బమ్ చేతికొచ్చాకే ఇవ్వండి. ప్రింట్‌కు ముందు షీట్లు వాట్సాప్‌లో పంపుతాను, పేర్లు చూసి చెప్పండి. ఇకపై డిజైనింగ్ బయటికి ఇవ్వను, కావాలంటే పెళ్లిళ్లే తక్కువ ఒప్పుకుంటాను. వెలుగు సరిచేస్తాను, మనిషి రంగు మాత్రం మార్చను.

ఆ నానమ్మ ఉన్న షీటు నిన్న రాత్రి పూర్తయింది. ఆ ఇంటివాళ్లు షాపుకు వస్తే స్క్రీన్ మీద చూపిస్తాను.