చక్కెర ఒక్కటే పోస్తే పైరువేట్ కైనేజ్ పెరగదురా

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం చదివాను. 25 మిల్లీమోలార్ గ్లూకోజ్ పోసినా పైరువేట్ కైనేజ్ (చక్కెరని విడగొట్టే దారిలో చివరి ఎంజైము) కదల్లేదని దిగులు పడకు. ఎలుక కాలేయ కణాల తప్పేమీ లేదు, నువ్వు ఇన్సులిన్ వెయ్యలేదంతే.

గ్లూకోజ్ కణంలోకి పోవడానికి హార్మోను అక్కర్లేదు, కణం పొరలో ఉండే గ్లట్-2 అనే రవాణా ప్రోటీన్ చాలు. కానీ పైరువేట్ కైనేజ్ జన్యువు లేవాలంటే లోపలికి వచ్చిన గ్లూకోజ్‌కి ఫాస్ఫేటు తగలాలి. తగిలించేది గ్లూకోకైనేజ్ అనే ఎంజైము. దాన్ని తయారు చేయించేది ఇన్సులిన్. అది లేకపోతే గ్లూకోకైనేజ్ తరిగిపోతుంది, ఇక ఎంత చక్కెర పోసినా 2001లో డాలస్‌లో ఉయెడా బృందం కనిపెట్టిన, ఈ జన్యువుని లేపే క్రెబ్‌పీ (ChREBP) ప్రోటీన్‌కి కబురే అందదు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదేరా: చక్కెర మాట చెల్లాలంటే ముందు హార్మోను దారి వేయాలి.

ఈసారి నాలుగు రకాలుగా పెట్టు: గ్లూకోజ్ 5, 25 మిల్లీమోలార్, ఒక్కోటి ఇన్సులిన్‌తోనూ లేకుండానూ. 5 ఉన్నవాటికి 20 మిల్లీమోలార్ మానిటాల్ (కణాలు వాడుకోని చక్కెరలాంటి పదార్థం) కలుపు, లేకపోతే తేడా చక్కెరదో ఆస్మోలారిటీదో (ద్రవంలో కరిగిన పదార్థాల మొత్తం గాఢతదో) తేలదు. అన్నిట్లో 100 నానోమోలార్ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉండాలి. కణాలు అంటుకునేదాకానే సీరం, అందులోనూ హార్మోన్లుంటాయి కదా. ఆ తర్వాత తీసెయ్. మీడియం సీసా మీద చూడు, లీటరుకి 4.5 గ్రాములని ఉంటే అది అప్పటికే 25 మిల్లీమోలార్.

ఇన్సులిన్‌ని పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము చొప్పున కరిగించు. 10 మిల్లీలీటర్ల మీడియంలో 5.8 మైక్రోలీటర్లు వేస్తే 100 నానోమోలార్. మీడియంలో 0.1 శాతం అల్బుమిన్ అనే ప్రోటీన్ లేకపోతే ఇన్సులిన్ కొంత ప్లాస్టిక్‌కే అంటుకుంటుంది. పైగా ఈ కణాలు ఇన్సులిన్‌ని తినేస్తాయి, 12 గంటలకోసారి తాజా మీడియం మార్చు. 24 గంటలకి కొలువు. రోజులు గడిచేకొద్దీ కణాలు కాలేయపు రకం పైరువేట్ కైనేజ్ వదిలి ఎమ్-2 రకం చెయ్యడం మొదలుపెడతాయి, అందుకని సాగదీయకు.

ఇన్సులిన్‌కి ఎదురుగా పనిచేసే హార్మోను గ్లూకగాన్ సంగతి వేరు. నిమిషాల్లో ఎంజైముకి ఫాస్ఫేటు పడి చురుకు తగ్గుతుంది, మొత్తం మాత్రం అంతే ఉంటుంది. పీఈపీ (పైరువేట్ కైనేజ్ పనిచేసే పదార్థం) నిండుగా ఇచ్చి కొలిస్తే ఈ తేడా కనబడనే కనబడదు. ఒకసారి 0.5, ఒకసారి 5 మిల్లీమోలార్‌తో కొలిచి నిష్పత్తి చూడు. కణాలు పగలగొట్టే బఫర్‌లో సోడియం ఫ్లోరైడ్, ఈడీటీఏ ఉంటేనే ఆ ఫాస్ఫేటు ఊడకుండా నిలుస్తుంది. ఇంకోటి, ఎక్కువ చక్కెర పోసిన కణాల రసంలో ఫ్రక్టోజ్ 1,6-బిస్‌ఫాస్ఫేట్ ఉండి, మందగించిన ఎంజైముని కూడా పరిగెత్తిస్తుంది. చిన్న అణువుల్ని వేరుచేసే సెఫాడెక్స్ జీ-25 గుళికల మీదుగా దింపాకే కొలువు.

పనిలో పనిగా గ్లూకోకైనేజ్ కూడా చూడు: 100 మిల్లీమోలార్ గ్లూకోజ్‌తో వచ్చిన చురుకులోంచి 0.5తో వచ్చింది తీసెయ్, మామూలు హెక్సోకైనేజ్ వాటా పోతుంది. హెప్-జీ2 (మనిషి కాలేయ క్యాన్సర్) కణాల్లో గ్లూకోకైనేజ్ చాలా తక్కువ, ఈ ప్రశ్నకి అవి పనికిరావు. నాలుగు రకాల అంకెలూ రాగానే రాసి పంపురా.

నీ
సుబ్బు