మెల్లకన్ను ఆపరేషన్ అయినోళ్లకు కొత్త అద్దాలు: మా షాపుల మార్చిన పద్ధతి గురించి

మా షాపుకు ఏండ్ల నుంచి వస్తున్న నల్గొండ వాళ్లకు, చుట్టుపక్కల ఊర్లోళ్లకు నమస్తే. ఈ మధ్య కొందరు పాత కస్టమర్లు ఫోన్ చేసి "ఏందన్నా, మెల్లకన్ను ఆపరేషన్ చేయించుకున్నోళ్లకు అద్దాలు చెయ్యనని ఎల్లగొడుతున్నవంట" అని అడుగుతున్నరు. ఎల్లగొట్టుడు అబద్ధం. పద్ధతి మార్చింది మాత్రం నిజం, ఎందుకు మార్చిన్నో ఇక్కడ చెప్తున్న.

ముందుగాల మారింది ఏందో చెప్త. ఆపరేషన్ అయిన మొదటి మూడు నెలలు కొత్త నంబర్‌తోటి బ్లూ కట్, కోటింగ్, పల్చటి లెన్స్ ఇట్లాంటి ఖరీదైనవి మేం అమ్మం. మీరు పైసలు ఇస్తమన్నా అమ్మం. ఆపరేషన్ చేసిన డాక్టర్ "ఇప్పుడే అద్దాలు కావాలె" అని రాసిస్తే సాదా ఫైబర్ లెన్స్ వేసి ఇస్తం, మూడు నెలల లోపు నంబర్ మారితే ఆ సాదా లెన్స్ మా ఖర్చుతోనే ఒకసారి మార్చిస్తం, ఫిట్టింగ్ పైసలు తీస్కోం. బయట ఎక్కడన్న కంప్యూటర్ల కండ్లు చూపించుకుని ఆ మిషిన్ చిట్టి పట్టుకొస్తే మాత్రం దాని మీద చెయ్యం.

ఇప్పుడు అసలు సంగతి. డిగ్రీ చదివే ఒక అమ్మాయి, వాళ్ల నాయిన కలిసి వచ్చిన్రు. అమ్మాయికి హైదరాబాద్‌ల మెల్లకన్ను ఆపరేషన్ అయింది, రెండు వారాలు కూడ కాలె, ఎర్రదనం ఇంక పోలె, ఇంట్ల పెండ్లి సంబంధం మాట్లాడుతున్నరు కాబట్టి కొత్త ఫ్రేమ్‌ల కొత్త అద్దాలు కావాలన్నరు, చిట్టి కూడ కొత్తదే తెచ్చిన్రు. చిట్టిల ఉన్నది ఉన్నట్టు చేయించి ఇచ్చిన. ల్యాబ్ నుంచి వచ్చినంక లెన్సోమీటర్, అంటే లెన్స్ నంబర్ కొలిచే మిషిన్ మీద పెట్టి నేనే చూసిన, పవర్, సిలిండర్ (కంటి వంపు ఒక దిక్కు ఎక్కువ, ఒక దిక్కు తక్కువ ఉంటే వేసే నంబర్), యాక్సిస్ (ఆ సిలిండర్ ఏ కోణంల ఉండాల్నో చెప్పే డిగ్రీలు) అన్ని చిట్టితో కలిసినయి. రెండు నెలలు అయినంక అమ్మాయికి తలనొప్పి, అక్షరాలు పక్కకు సాగినట్టు కనపడుతున్నయని డాక్టర్ మళ్ల చూస్తే సిలిండర్ తగ్గింది, యాక్సిస్ జరిగింది. వాళ్ల నాయిన షాపుకొచ్చి, నలుగురు కూసున్నప్పుడు, "తప్పు అద్దాలు అంటగట్టి పైసలు గుంజినవ్" అన్నడు. మా నాయిన పెట్టిన షాపు ఇది. ఆ కౌంటర్ కాడ అట్ల ఎవ్వరూ ఎన్నడూ అనలె. ఆయన బిడ్డ కోసం ఆయన బాధ ఆయనది, అది నాకు సమజైతది, కాని ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటనే ఉన్నది.

ఆ చిట్టి తప్పు కాదు, లెన్స్ తప్పు కాదు. మారింది కన్ను. ఇది మస్తు మందికి తెల్వదు, మెల్లకన్ను ఆపరేషన్ అంటే కండరాలకు చేసేది గదా, చూపు నంబర్‌తోని దానికేం సంబంధం అంటరు. కన్ను తిప్పే కండరాలు తెల్లగుడ్డుకు అతుక్కుని ఉంటయి, ముక్కు దిక్కుండే కండరం నల్లగుడ్డు అంచు నుంచి దాదాపు 5.5 మిల్లీమీటర్ల దూరంల, చెవి దిక్కుది దాదాపు 7 మిల్లీమీటర్ల దూరంల. అంత దగ్గర అన్నట్టు. ఆపరేషన్‌ల ఒక కండరాన్ని ఊడదీసి వెనక్కి జరిపి కుడుతరు, లేకపోతే కొంచెం కత్తిరించి బిగించి కుడుతరు. షామియానాకు ఒకదిక్కు తాడు వదులు చేసి ఇంకో దిక్కు బిగిస్తే మీది గుడ్డ పడే తీరు మారదా, నల్లగుడ్డు మీది వంపు కూడ అట్లనే జెరంత మారుతది. నల్లగుడ్డు, అదే కార్నియా, కంటికి ముందు ఉండే అద్దం, కన్ను వెలుగును వంచే బలంల దాదాపు మూడింట రెండొంతులు దానిదే, కాబట్టి దాని వంపు కొంచెం మారినా నంబర్‌ల కనపడుతది. అడ్డం కండరాలను వెనక్కి జరిపినప్పుడు ఎక్కువగా అడ్డం దిక్కు వంపు చదునైతది, నిలువు దిక్కు వంపు ఎక్కువైనట్టు అయితది, అందుకే సిలిండర్ 180 డిగ్రీల యాక్సిస్, అంటే అడ్డం దిక్కుకు పెరుగుతది. మామూలుగ ఇది అర డయాప్టర్ (చిట్టిల 0.50 నంబర్) చుట్టుపక్కలనే ఉంటది, కొందరిల అంతకంటె ఎక్కువ, కండరాలు ఎక్కువ జరిపితే ఎక్కువ. దీనికి తోడు రెప్ప వాపు, కుట్ల కాడ ఉబ్బు, కన్నీళ్లు సమంగ పరుచుకోకపోవుడు, ఇవన్ని కలిసి మొదటి వారాల్ల నంబర్‌ను ఆడిస్తయి. చాలామందికి వారాలు, నెలల్ల అది మెల్లగ మొదటి కాడికి వస్తది, కొందరికి కొంచెం మార్పు ఉండిపోతది. అందుకే నంబర్ నిలబడేదాంక డాక్టర్లు ఆరేడు వారాలో, మూడు నెలలో ఆగి మళ్ల చూస్తరు.

అర డయాప్టరే గదా అనకండి. సిలిండర్ ఉన్న లెన్స్‌ల యాక్సిస్ 10 డిగ్రీలు పక్కకు పోతే ఆ సిలిండర్ చేసే పనిల మూడో వంతు పోయినట్టే. 30 డిగ్రీలు పోతే ఆ సిలిండర్ పెట్టినా ఒకటే పెట్టకపోయినా ఒకటే, మసక అంతే మిగులుతది.

ఇగ ల్యాబ్ సంగతి, ఇది చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు. మా నాయిన కాలం నుంచి ఒకే ల్యాబ్‌తోని పని, హైదరాబాద్‌ల ఉన్నది, పేరు చెప్పను. నెల లోపు డాక్టర్ నంబర్ మారిస్తే లెన్స్ ఫ్రీగ మార్చిస్తమని కార్డు మీద ముద్రించి ఇచ్చినోళ్లు వాళ్లే, నెల దాటినా ఎన్నోసార్లు మాట మీద మార్చిన్రు, ఆ నమ్మకంతోనే నేను మీకు కూడ అట్లనే చెప్తూ వచ్చిన. ఈ అమ్మాయి లెన్స్ పంపితే "ఆ స్కీమ్ బంద్ అయింది, వాట్సాప్‌ల మెసేజ్ పెట్టినం గదా" అన్నరు. ఆ మెసేజ్ పండుగ ఆఫర్ల ఫొటోల నడుమ ఒక లైన్ ఉన్నది. సరే, పైసలు నేనే పెట్టుకుంట అనుకున్న, కాని ఫోన్‌ల వాళ్ల మేనేజర్ ఇంకో మాట అన్నడు: "మీ దగ్గర ఫిట్టింగ్‌లనే తేడా ఉండొచ్చు, చెక్ చేసుకోండి." లెన్సోమీటర్ రీడింగ్ ఫొటో తీసి పంపిన, డాక్టర్ పాత చిట్టి, కొత్త చిట్టి రెండూ పంపిన, కార్నియా వంపు ఆపరేషన్ తర్వాత మారుతదని డాక్టరే రాసిచ్చిన కాగితం కూడ పంపిన. జవాబు రాలె. లెన్స్ వాపస్ తీసుకోకపోతే పోనీ, తప్పు చేసినవని నా మీదికి తోసుడు నేను ఓర్వను. ఆ ల్యాబ్‌కు లెక్క కట్టేసి బంద్ చేసిన. కొత్త ల్యాబ్ పని మంచిగనే ఉన్నది, కాని లెన్స్ ఒకటి రెండు రోజులు లేటుగ వస్తది, అది మీరు ఓర్చుకోవాలె.

అమ్మాయికి కొత్త నంబర్ లెన్స్ వేసిచ్చిన, పైసా తీస్కోలె. వాళ్ల నాయిన తీస్కొని పోయిండు.

ఇగ ఈ పద్ధతి పెట్టే ముందు నేను చాన రోజులు తన్నుకులాడిన. ఒక తొవ్వ, ఎవరొచ్చినా చేసిచ్చి నంబర్ మారితే మళ్ల పైసలు తీస్కునుడు. ఇంకో తొవ్వ, చాన షాపుల్ల చెప్పినట్టు "నాలుగు రోజులు పెట్టుకోండి, అలవాటైతది" అనుడు. కొత్త సిలిండర్‌కు అలవాటు కావాల్సిన మాట నిజమే, కాని మారిపోయిన కంటికి పాత కొలతను అలవాటు చేసుకొమ్మనుడు ఏం న్యాయం? మూడో తొవ్వ, మూడు నెలలు అద్దాలే చెయ్యననుడు. సుమారు దానికే వచ్చిన, ఆ రాత్రి మా ఇంటామె ఒక మాట అడిగింది, "మరి చిన్నపిల్లలు?" అక్కడ ఆగిపోయిన.

పిల్లల లెక్క వేరు. కొందరు పిల్లలకు ప్లస్ నంబర్ ఎక్కువుండి, స్పష్టంగ చూసేటందుకు కన్ను బలం పెట్టినప్పుడు లోపలికి తిరుగుతది, ఆ పిల్లలకు అద్దాలే వైద్యం, తీసేస్తే కన్ను మళ్ల లోపలికి పోతది. లేజీ ఐ, అంటే ఒక కంటి చూపు వెనకబడి ఉన్న పిల్లలకు ఏడెనిమిది ఏండ్ల లోపల చూపు తయారైతున్న కాలం, ఆ కాలంల నెలలు వృథా చేసుడు మంచిది కాదు. అట్లాంటి పిల్లగానికి "మూడు నెలలు ఆగి రా" అంటే నా లెన్స్ పైసలు మిగులుతయి, వాని కన్ను చెడుతది. అందుకే డాక్టర్ రాసిస్తే సాదా లెన్స్ ఇస్త, మారితే నేనే మారుస్త అని పెట్టిన. దీంట్ల నాకు నష్టమే ఉన్నది, లెక్కలేసుకునే పెట్టిన. ఎవరో అంటున్నరు గదా పైసలు గుంజుతడని, వాళ్లు ఇది కూడ చూడాలె.

పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట, ఆపరేషన్ అయింది గదా ఇంక అద్దాలు ఎందుకని ఇంట్ల మీరే తీసి దాచకండి. పాత అద్దాలు పెట్టాల్నా వద్దా డాక్టర్ చెప్తడు, ఆయన చెప్పేదాంక అవే పెట్టండి. ఫ్రేమ్ విరిగితే పాత నంబర్‌తోనే మేం చేసిస్తం, దానికి ఈ మూడు నెలల పద్ధతి లేదు. పిల్లలకు మందు వేసి నల్లపాప పెద్దగ చేసి చూసిన నంబరే పనికొస్తది, మిషిన్ ఒక్కటి చూసింది సరిపోదు.

ఇంకోటి, ఇది అద్దాల పని కాదు గాని నా దగ్గరికి వచ్చి అడుగుతున్నరు కాబట్టి చెప్తున్న. ఆపరేషన్ అయిన కంట్ల కుట్ల కాడ ఉబ్బు ఉంటే దాని పక్కన నల్లగుడ్డు అంచు తడి సరిగ అందక ఎండి పల్చబడొచ్చు, డాక్టర్లు దాన్ని డెలెన్ అంటరు, తడి నిలిపే చుక్కలు, జెల్ తోని నయమైతది కాని డాక్టర్ చూడాలె. నొప్పి, ఇసుక పడ్డట్టు గరగరమనుడు, మసక ఎక్కువైతే అదే రోజు ఆపరేషన్ చేసిన దవాఖానకు పోండి. మెడికల్ షాపుల స్టెరాయిడ్ చుక్కలు అడిగి తెచ్చుకుని వేసుకుంటనే ఉండకండి, వాటితోని కంటి ప్రెషర్ పెరగొచ్చు. కాంటాక్ట్ లెన్స్ కూడ డాక్టర్ సరే అనేదాంక నా దగ్గర అడగొద్దు.

మిగతా అన్ని ఎప్పటిలెక్కనే. స్క్రూ బిగించుడు, ముక్కు ప్యాడ్ మార్చుడు, ఫ్రేమ్ సర్దుడు ఫ్రీ. ధరలు మారలె. పాత ల్యాబ్‌ల ఇచ్చిన ఆర్డర్లు అన్ని వచ్చేసినయి, ఎవరిదన్న మిగిలి ఉంటే ఆర్డర్ చిట్టి నంబర్ చెప్పి తీస్కపోండి. మెల్లకన్ను ఆపరేషన్ అయినోళ్లు వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ ముందటి చిట్టి, పాత అద్దాలు మూడూ తెండి, ఆపరేషన్ ఏ తారీఖున అయిందో అడుగుత, అది చెప్పనిది ఆర్డర్ రాయను.