పిల్లి లుకేమియా మనుషులకు అంటదు

సంపాదకులు గారికి,

కర్నూలులో కల్లూరు వైపున్న పిల్లుల ఆశ్రమంలో 'కొర్ర' అనే పిల్లి చనిపోయిన సంగతి మీ జిల్లా పేజీలో వేశారు. ఒక వీధి పిల్లి చావుకు అంత చోటు ఇచ్చినందుకు సంతోషమే. కానీ ఆ వార్తలో మూడు మాటలు తప్పు. దానికొచ్చింది 'పిల్లి క్యాన్సర్' అన్నారు. ఇంట్లో పిల్లకాయలకు అంటుకునే ప్రమాదం ఉందన్నారు. పరీక్షలో తేలిన రోజే సూది వేసి చంపేసి ఉండాల్సిందన్నారు. ఇలాంటిది చదివి పెంపుడు పిల్లిని గోతంలో వేసి ఊరవతల వదిలేసి వచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు. అందుకే ఈ ఉత్తరం.

ఇది ఫీలైన్ లుకేమియా వైరస్ వల్ల వచ్చే జబ్బు. 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం దీన్ని కనిపెట్టింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఇది మనిషికి సోకినట్టు ఎక్కడా రుజువు కాలేదు. కుక్కలకూ రాదు. పేరులో లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్నా, దీని బారిన పడిన పిల్లులన్నీ క్యాన్సర్‌తో పోవు. కొన్నింటికి లింఫోమా అనే క్యాన్సర్ గడ్డలు వస్తాయి. చాలావాటికి రక్తం తగ్గిపోతుంది, లేదా రోగనిరోధక శక్తి పడిపోయి చిన్న జలుబు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. కొర్ర పోయింది రక్తహీనతతో. దాని ఎముక మూలుగు ఎర్ర కణాలు తయారు చేయడం మానేసింది.

వైరస్ ఎక్కువగా లాలాజలంలో ఉంటుంది. ఒకదాన్నొకటి నాకుతూ, ఒకే గిన్నెలో తింటూ ఎక్కువ కాలం కలిసి మెలిగే పిల్లుల మధ్య ఇది పాకుతుంది. కాట్ల వల్ల, తల్లి కడుపులోనూ పాల ద్వారానూ పిల్లలకు వస్తుంది. పిల్లి ఎంత చిన్నదైతే అంత తేలిగ్గా పట్టుకుంటుంది. ఒంటి బయట మాత్రం దీనికి ఆయువు తక్కువ. ఆరిపోయిన చోట కొన్ని గంటలకు మించి నిలవదు, మామూలు సబ్బు నీళ్లకే చస్తుంది. క్యాంపుల్లో ఒకే సూదితో రెండు పిల్లులకు మందు ఎక్కించడం వల్ల కూడా పాకుతుందని ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఆ అలవాటు ఇంకా పోలేదు.

ఇక పరీక్ష. క్లినిక్‌లో చేసే చిన్న కిట్ రక్తంలో వైరస్ తాలూకు పీ27 అనే ప్రోటీన్‌ను వెతుకుతుంది. వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసే ప్రతిదేహాలను (యాంటీబాడీలను) వెతకదు కాబట్టి ఎంత చిన్న పిల్లకైనా చేయొచ్చు, టీకా వేసినా ఫలితం మారదు. పొరపాట్లు జరిగేవి వేరే చోట. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలి సీరం ఎర్రబారితే కిట్ మీద లేని పాజిటివ్ గీత ఉన్నట్టు కనిపించొచ్చు. కిట్ మీద రాసిన నిమిషాలు దాటాక చూస్తే కూడా అంతే. మే నెలలో ఐస్ లేకుండా బస్సులో వచ్చిన కిట్‌ను అసలు నమ్మకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక్క పాజిటివ్‌తో తీర్పు చెప్పకూడదు. కొన్ని పిల్లుల ఒళ్లు వైరస్‌ను అణిచేస్తుంది. మొదట పాజిటివ్ వచ్చినది కొన్ని వారాలకు నెగెటివ్ అవుతుంది, మూలుగులో జన్యువు దాగి ఉన్నా బయటికి వైరస్‌ను వదలదు. అందుకని ఆరు వారాల తర్వాత మళ్లీ కిట్ పరీక్ష, వీలైతే వైరస్ జన్యువును వెతికే పీసీఆర్ పరీక్ష కూడా చేయాలి. కర్నూలు నుంచి పీసీఆర్‌కు రక్తాన్ని రక్తం గడ్డకట్టకుండా ఉంచే, ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో, ఐస్ పెట్టెలో హైదరాబాద్ పంపడమే దారి అన్నట్టుంది. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో పిల్లులకు ఈ పరీక్ష చేసే ఏర్పాటు ఉంటే రాయలసీమ అంతటికీ మేలు. నెగెటివ్ వచ్చిన పిల్లి కూడా జబ్బు పిల్లితో ఈమధ్యే తిరిగినదైతే నెల దాటాక రెండోసారి చూడాలి.

కొర్ర ఆశ్రమానికి వచ్చేసరికి ఐదు నెలల పిల్ల. రెండు పరీక్షల్లోనూ పాజిటివే. అలా వైరస్ పోకుండా నిలిచిపోయిన పిల్లుల్లో ఎక్కువ భాగం మూడేళ్లలోపే పోతాయి. కొర్ర నాలుగేళ్లకు దగ్గరగా బతికింది, అందులో చివరి రెండు నెలలు తప్ప మిగతా కాలమంతా తిని, ఆడి, ఎండ కాచుకుని బతికింది. మీ వార్తలో ఈ మాట రాలేదు.

ఎలా ఉంచారో చెబుతాం. విడి గది, విడి గిన్నెలు, విడి ఇసుక తొట్టె. మిగతా పిల్లుల వైపు జాలీ ఒక్కటే ఉంటే చాలదు, ముక్కూ ముక్కూ రాసుకుంటాయి. జాలీ ఉండాల్సిన చోట జానెడు ఎడంతో రెండోది వేయాలి. కింద కడప బండలు పరిచి సందులు సిమెంటుతో పూడ్చితే కడగడం సులువు. పిల్లిని ఒంటరిగా ఉంచక్కర్లేదు, పాజిటివ్‌కు పాజిటివ్ తోడు ఉండొచ్చు. పిల్లి ఎయిడ్స్ అనే ఎఫ్‌ఐవీ ఉన్నదాన్ని మాత్రం ఇందులో కలపకూడదు. పాజిటివ్ పిల్లికీ సంతాన నిరోధక ఆపరేషన్ చేయించాలి, లేకపోతే ఎదకొచ్చినప్పుడల్లా ఒత్తిడీ, పోట్లాటలూ.

పనివాళ్లు లోపలికి వెళ్లే వరుసలో చాలా ఆశ్రమాలు తప్పు చేస్తాయి. లుకేమియా గదిని అంటు గది అనుకుని అన్నిటికంటే చివర చూస్తారు. అప్పుడు జలుబు పిల్లుల తుమ్ములూ, కొత్తగా వచ్చినవాటి విరేచనాలూ చేతులకీ బట్టలకీ అంటించుకుని వచ్చి, నిరోధక శక్తి లేని పిల్లికి అందిస్తారు. సరైన వరుస ఇది: ముందు ఆరోగ్యంగా ఉన్నవి, తర్వాత చేతులు కడుక్కుని, పైచొక్కా మార్చుకుని లుకేమియా గది, ఆ తర్వాతే జలుబు పిల్లులూ కొత్తవీ. ఎవరి నుంచి ఎవరిని కాపాడుతున్నామో తెలిస్తే ఈ వరుస ఎవరూ నేర్పక్కర్లేదు.

గది కడగడానికి నల్ల ఫినాయిల్, డెటాల్ వాడొద్దు. పిల్లి కాలేయం ఫినాల్ జాతి రసాయనాలను విరగ్గొట్టలేదు. తడి బండ మీద నడిచి, పాదాలు నాక్కుంటే చాలు, విషం లోపలికి పోతుంది. ముందు సబ్బు నీళ్లతో మురికి తీసి, తర్వాత లీటరు నీళ్లకు ముప్పై మిల్లీలీటర్ల ఇంటి బ్లీచ్ కలిపి తుడిచి, పది నిమిషాలకు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. లుకేమియాకు సబ్బే చాలు. బ్లీచ్ ఎందుకంటే, నెలల తరబడి నేలలో బతికే పాన్‌ల్యుకోపీనియా వైరస్ కోసం. వినడానికి పేర్లు దగ్గరగా ఉన్నా ఈ రెండూ వేర్వేరు జబ్బులు. పిల్లులకు మామూలుగా వేసే మూడు రోగాల టీకాలో పాన్‌ల్యుకోపీనియా ఉంటుంది, లుకేమియా ఉండదు. లుకేమియా టీకా విడిగా దొరికితే ఎనిమిది వారాల వయసు దాటిన నెగెటివ్ పిల్లలకు మూడు, నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు, ఏడాదికి ఇంకొకటి. పాజిటివ్ పిల్లికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

క్రమం తప్పకుండా చూడాల్సినవి తక్కువే. వారానికోసారి కూరగాయల డిజిటల్ కాటా మీద బరువు. కొర్ర మంచి రోజుల్లో 3.6 కిలోలు, అందులో 180 గ్రాములు తగ్గినా డాక్టరుకు చెప్పాల్సిందే. పెదవి ఎత్తి చిగుళ్ల రంగు పగటి వెలుతురులో చూడాలి, ట్యూబులైటు కింద అన్నీ తెల్లగానే కనిపిస్తాయి. నిద్రలో ఊపిరి నిమిషానికి ముప్పై దాటకూడదు. గోడ సున్నం, మట్టి, ఇసుక నాకడం మొదలుపెడితే రక్తం తగ్గుతోందని అనుమానించాలి. పిల్లి రెండు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని అది ఇంకో జబ్బవుతుంది, కాబట్టి 'ఆకలేస్తే అదే తింటుందిలే' అని కూర్చోకూడదు. ఉడికించిన కోడి మాంసాన్ని కొంచెం వెచ్చజేసి పెడితే వాసనకు లేస్తుంది. పచ్చి మాంసం ఈ పిల్లులకు వద్దు. పాలన్నం ఒక్కటే పెట్టినా లాభం లేదు, పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం అందులో ఉండదు, అది లేక కళ్లూ గుండే దెబ్బతింటాయి. రోహిణి కార్తెలో మిద్దె కింది గది కొలిమిలా ఉంటుంది, నీళ్లు మట్టి మూకుళ్లలో మూడు, నాలుగు చోట్ల పెట్టాలి.

పిల్లి ఒంటి వేడి 102.5 ఫారెన్‌హీట్ దాకా మామూలే. మనిషి లెక్కన అది జ్వరం అనిపిస్తుంది, వెంటనే ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేస్తారు. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లిని చంపగలదు. అది ఎర్ర కణాలనే పాడుచేస్తుంది, ఇక రక్తహీనత ఉన్న పిల్లి సంగతి చెప్పేదేముంది. గొడ్ల గోమార్లకు కొట్టే డెల్టామెత్రిన్, అమిట్రాజ్, కుక్కల మెడ మీద పోసే పెర్మెత్రిన్ కూడా అంతే ప్రమాదం. అలాగని ఒంటి మీద ఎగిరే పేలను వదిలేయకూడదు. అవి రక్తం తాగుతాయి, పైగా ఎర్ర కణాలను పగలగొట్టే మైకోప్లాస్మా క్రిమి వాటి ద్వారా కూడా పాకుతుందంటారు. దానికి వాడే డాక్సీసైక్లిన్ మాత్రను ఉత్తగా గొంతులో వేస్తే అక్కడే అతుక్కుని పుండు చేస్తుంది. వెనకే సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల నీళ్లు పట్టాలి. మనుషుల హెచ్‌ఐవీకి వాడే జిడోవుడిన్ నోటి పుండ్లున్న పాజిటివ్ పిల్లులకు కొంత పనిచేస్తుంది, కానీ మూలుగును అణుస్తుంది, అందుకని రక్తం తక్కువున్నప్పుడు అది మందు కాదు.

చివరి నెలల్లో కొర్ర రక్తంలో ఎర్ర కణాల వాటా 27 శాతం నుంచి 14కు పడింది. ఈ కొలతకు మనుషుల ల్యాబ్ యంత్రాన్ని నమ్మొద్దు. పిల్లి కణాలు చిన్నవి, ప్లేట్‌లెట్లు గుంపుకడతాయి, లెక్క తప్పుతుంది. సన్న గాజు గొట్టంలో రక్తం తిప్పి చూసేదే నికరం. రక్తం ఎక్కించడం కుక్కల్లో లాగా కాదు. పిల్లికి పుట్టుకతోనే వేరే గ్రూపు మీద ప్రతిదేహాలు ఉంటాయి. 'బి' గ్రూపు పిల్లికి 'ఎ' గ్రూపు రక్తం కొద్దిగా ఎక్కినా ప్రాణం పోవచ్చు. మొదటిసారి అయినా సరిచూడకుండా ఎక్కించకూడదు. ఇచ్చే పిల్లి నాలుగున్నర కిలోలు దాటి ఉండాలి, ఒకసారికి యాభై మిల్లీలీటర్లు మించి తీయకూడదు, దానికి లుకేమియా పీసీఆర్ నెగెటివ్ అయి తీరాలి. కొర్రకు ఇదంతా సరిగ్గా చేశారు, మూడు వారాలు తేరుకుంది. ఆ తర్వాత 9 శాతం. మూలుగు కొత్త కణం పుట్టించనప్పుడు ఎంత ఎక్కించినా అరువు రక్తమే.

సూది ఎప్పుడు అన్నది అప్పటి ప్రశ్న. తినడం మానేసి, ఇసుక తొట్టెదాకా నడవలేక, కూర్చున్నచోటే నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నప్పుడు ఆపడమే దయ. ముందు కండలోకి మత్తు, అది పూర్తిగా ఎక్కి కంటి రెప్ప తాకినా కదలనప్పుడు నరంలోకి మత్తుమందు అధిక మోతాదు. మత్తు లేకుండా నేరుగా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించడం చిత్రహింస, దాన్ని ఎవరూ ఒప్పుకోకూడదు. కొర్రను అలా పంపలేదు.

మీ ఫొటోలో దాని పరుపు, తువ్వాళ్లు కాలుస్తున్నట్టుంది. ఆ అవసరం లేదు. వేడి నీళ్లలో సర్ఫ్ వేసి ఉతికి ఎండలో వేస్తే చాలు. శవాన్ని బావులకు దూరంగా మూడడుగుల లోతున పూడిస్తే సరిపోతుంది. గది కడిగి ఆరాక మరో పిల్లిని ఉంచొచ్చు. అక్కడ కొర్రతో కలిసి ఉన్న పాజిటివ్ పిల్లి ఇంకా బాగానే ఉంది, వారం వారం బరువు రాస్తున్నారు. పిల్లకాయలకు అంటుతుందన్న వాక్యానికి మాత్రం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయాలని కోరుతున్నాం.

ఇట్లు
వీధి పిల్లుల సంరక్షణ చూసే వలంటీర్లు,
కర్నూలు