బిల్లులో బ్రాంజ్, పడవలో ఇనుము

విశాఖపట్నం
తేదీ: డిసెంబరు 9

మేనేజర్ గారికి,
పడవల మరమ్మతు విభాగం.

విషయం: మా క్లబ్ యాట్ అడుగు పలకలకు మీరు చేసిన పని గురించి ఫిర్యాదు

అయ్యా,

పోయిన ఆదివారం ఉదయం మా సెయిలింగ్ క్లబ్ వాళ్లం తొమ్మిది మందిమి, అందులో ఇద్దరు పిల్లలు, ఫిషింగ్ హార్బర్ నుంచి భీమిలికి బయల్దేరాం. ఈశాన్య గాలి ఎదురు కొడుతుంటే తెరచాపను ఆ పక్కకీ ఈ పక్కకీ మార్చుకుంటూ వెళ్తున్నాం. రుషికొండ రాకముందే లోపల కాళ్ల కింది చెక్కలు నీళ్లలో తేలాయి. పంపు ఆన్ చేసినా మట్టం తగ్గలేదు. పడవను వెనక్కి తిప్పి, బకెట్లతో తోడుకుంటూ హార్బర్ చేరడానికి రెండు గంటలు పట్టింది. లైఫ్ జాకెట్లు వేసిన పిల్లల్ని చెరో పక్కన పట్టుకుని కూర్చున్న ఆ తల్లి టెన్షన్ నేను కళ్లారా చూశాను.

పడవను ఒడ్డుకు లాగించాం. ఏప్రిల్‌లో మీరు కొత్తగా వేసిన పలకల దగ్గర పుట్టీ ఊడిపోయి ఉంది. రంగు కింద నుంచి తుప్పు చారలు కారుతున్నాయి. మీ బిల్లులో మాత్రం బ్రాంజ్ స్క్రూలు అని ఉంది, వాటి ధరే మేం కట్టాం. బ్రాంజ్‌కు ఎర్ర తుప్పు రాదు, అయస్కాంతం అంటుకోదు. మేం నలభై స్క్రూల మీద అయస్కాంతం పెట్టి చూస్తే ముప్పై ఒకటికి అతుక్కుంది.

అరవై ఏళ్లు దాటిన ఈ టేకు పడవలో పాత పలకలన్నీ రాగి మేకుల మీదే నిలబడ్డాయి. ఉప్పునీళ్లలో రాగికి ఇనుము తగిలి ఉంటే ఇనుము త్వరగా తినేసుకుపోతుంది. తుప్పు ఉబ్బి పుట్టీని బయటికి తోసేస్తుంది, చుట్టూ ఉన్న కలప నల్లబడి మెత్తబడుతుంది. అంటే ఇప్పుడు స్క్రూలు మార్చినంత మాత్రాన సరిపోదు, అవి పట్టుకున్న చెక్క కూడా పాడైంది. ఇదంతా పుట్టీ, రంగు వెనక దాచి మాకు అప్పగించడమే నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇదే పడవకు మూడు పలకలు పగిలాయి. జాలరిపేట మేస్త్రి ఒకాయన రాగి మేకులతో వాటిని మార్చారు. మొన్న అవి కూడా చూశాం, ఒక్క చుక్క రాలేదు. 1948లో ఇక్కడే కట్టిన జల ఉష ఓడ నీళ్లలోకి దిగిన ఊరు మాది, పని తెలిసినవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. పాత కర్ర పడవల పనిలో అనుభవం ఉందని మీరు చెబితే నమ్మి మీకు ఇచ్చాం.

ఫోన్ చేస్తే మీ ఇంజినీరు గారు కర్ర పడవలోకి నీరు రావడం మామూలే అన్నారు. ఒడ్డున ఎండిన పడవ నీళ్లలోకి దిగినప్పుడు కొంచెం ఊరుతుంది, నిజమే. పలకలు ఉబ్బి సందులు మూసుకున్నాక అది ఆగిపోతుంది. ఎనిమిది నెలల తర్వాత మొదలైతే దాన్ని మామూలు అనరు.

కేబిన్ పైకప్పుకు ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ అని రాశారు. మీవాళ్లు వదిలేసిన ముక్క మీద మామూలు ప్లైవుడ్‌కు వేసే ఐఎస్ 303 ముద్ర ఉంది. ఆ ముక్క మా దగ్గరే ఉంది.

మీరు వేసిన ప్రతి పలకనూ విప్పి, పాడైన టేకు మార్చి, బిల్లులో రాసిన బ్రాంజే వేయాలి. ఖర్చు మీదే. ఈసారి పుట్టీ పెట్టే ముందు మా మనిషి ప్రతి స్క్రూనూ చూస్తాడు. పైకప్పు కూడా మార్చాలి. ఇనుము ఇంకా ఎక్కడెక్కడ వాడారో రాతపూర్వకంగా ఇవ్వండి, ఎందుకంటే రంగు కింద ఉన్నది మాకు కనపడదు. పదిహేను రోజుల్లో మీ మనుషులు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాం. ఫొటోలు, బిల్లు నకలు జతచేశాను. తీసిన స్క్రూలు డబ్బాలో భద్రంగా ఉన్నాయి, వచ్చి చూడవచ్చు.

ఇట్లు,
కార్యదర్శి,
సెయిలింగ్ క్లబ్ సభ్యుల తరఫున